నంది హిల్స్ వైన్, నాసిక్ వైన్: రుచిలో ఇంత తేడా ఎందుకు? మన మదనపల్లె వైపు వైన్ ద్రాక్ష పండుతుందా?

పలమనేరు_హరి:
అందరికీ నమస్కారం. మన వైపు చాలామందికి వైన్ అంటే తెలిసింది ఒకటే, ఎర్రగా, పాకంలా తియ్యగా ఉండే "పోర్ట్". అది తాగి వైన్ ఇంతేలే అని తీర్మానం చేసేస్తారు. నేను అడగాలనుకున్నది దాని గురించి కాదు. మనకు కూతవేటు దూరంలో నంది హిల్స్ కింద దొడ్డబళ్లాపుర దగ్గర గ్రోవర్ జంపా వాళ్ల తోటలు ఉన్నాయి. కన్వల్ గ్రోవర్ 1988లో మొదలుపెట్టిన కంపెనీ అది. మదనపల్లె నుంచి చింతామణి, చిక్కబళ్లాపుర మీదుగా పొద్దున బయలుదేరితే సాయంత్రానికి ఇంటికి రావచ్చు. చిత్తూరు వాళ్లయితే మా పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా వెళ్లాలి. మొన్న మా బావమరిది, నేను వెళ్లి తోట, ట్యాంకులు, ఓక్ పీపాలు అన్నీ చూశాం. అక్కడ వాళ్ల లా రిజర్వ్ అనే రెడ్ వైన్ రుచి చూశాం. అందులో కాబర్నే సావిన్యోన్, షిరాజ్ అనే రెండు నల్ల ద్రాక్ష రకాలు కలిపి ఉంటాయి. అంతకుముందు నాసిక్ షిరాజ్ తాగి ఉన్నా కాబట్టి తేడా స్పష్టంగా తెలిసింది. నాసిక్‌ది పండిన నల్ల పండ్ల వాసనతో కాస్త లావుగా, మెత్తగా అనిపించింది. నందిది సన్నగా ఉంది, పులుపు ఎక్కువ, గుటక వేసిన తర్వాత చిగుళ్ల మీద వగరు పట్టి చాలాసేపు ఉండింది. రెండిట్లోనూ షిరాజే ఉంది, రెండూ మన దేశంలోనే పండినవి, మరి ఇంత తేడా ఎక్కడి నుంచి వస్తుంది? మట్టా, ఎత్తా, లేక వైన్ చేసేవాళ్ల చేతివాటమా?

ఇంకో ప్రశ్న. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం అంతా మైసూరు పీఠభూమి అంచే కదా. అక్కడ పండేది ఇక్కడ ఎందుకు పండకూడదు? తెలిసినవాళ్లు వివరంగా రాయండి, చదువుకుంటాం.

కె.టి.రోడ్_వాసి:
హరి గారూ, స్వామివారి పాదాల దగ్గర ఉండే మనం ఇట్లాంటి చర్చలు పెట్టుకోవడం నాకు నచ్చలేదు. అలిపిరి దాటితే చుక్క కూడా పోనివ్వని ఊరు మనది. మీ ఇష్టం, కానీ నా మనసులో మాట చెప్పకుండా ఉండలేను.

అడ్మిన్:
కె.టి.రోడ్ గారూ, మీ బాధ అర్థమైంది. ఇది వ్యవసాయం, ఆహారం విభాగంలో ఉన్న చర్చ. పంట, రుచి, తయారీ వరకు మాట్లాడుకోవచ్చు. తాగమని ప్రోత్సహించే పోస్టులు, ఎక్కడ దొరుకుతుంది, ఎవరు తెచ్చిపెడతారు అనే పోస్టులు కనపడితే తీసేస్తాం. 21 ఏళ్ల లోపు పిల్లలు ఈ చర్చలో పాల్గొనవద్దు.

లావణ్య_తిరుపతి:
హరీ, మంచి ప్రశ్న వేశావు. నేను హోటల్ మేనేజ్‌మెంట్ చదివి కొన్నేళ్లు నాసిక్‌లో ఒక వైనరీ టేస్టింగ్ రూమ్‌లో పని చేశాను, ఇప్పుడు తిరుపతిలోనే ఉంటున్నా. కాస్త పొడుగ్గా రాస్తా, ఓపికగా చదవండి.

మట్టి గురించి అందరూ ముందు మాట్లాడతారు, ఎందుకంటే ఫ్రెంచి వాళ్లు అదే ఎక్కువ చెబుతారు. మన దేశంలో మాత్రం మట్టి కంటే ముందు చూడాల్సింది క్యాలెండర్. వైన్ ద్రాక్ష సంప్రదాయంగా భూమధ్యరేఖకు 30 నుంచి 50 డిగ్రీల మధ్య పండే పంట. అక్కడ చలికాలంలో తీగ ఆకు రాల్చి నిద్రపోతుంది, వసంతంలో లేస్తుంది. నాసిక్ 20 డిగ్రీల దగ్గర ఉంది. నంది హిల్స్, మన తిరుపతి దాదాపు ఒకే గీత మీద ఉన్నాయి, రెండూ పదమూడున్నర డిగ్రీలకు అటూ ఇటూ. ఇక్కడ తీగకు నిద్ర లేదు, వదిలేస్తే ఏడాదంతా పెరుగుతూనే ఉంటుంది. అందుకే మన దగ్గర రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో ఒకసారి, అది కర్ర బలపడడానికి. వానలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరులో రెండోసారి, అది కాపు కోసం. ఆ రెండో కత్తిరింపు నుంచి లెక్కపెడితే జనవరి చివరి నుంచి మార్చి వరకు నాసిక్‌లో కోతలు ఉంటాయి. అంటే ఫ్రాన్స్‌లో పండు ఎండాకాలం వేడిలో పెరిగి శరదృతువులో పక్వానికి వస్తే, మన దగ్గర చలికాలంలో పెరిగి ఎండలు ముదరకముందే కోతకు వస్తుంది. మన వైన్ రుచికి అసలు పునాది ఈ తిరగేసిన క్యాలెండరే.

ఇక రాత్రి చలి. నాసిక్‌లో డిసెంబరు, జనవరిలో పగలు 28, 30 డిగ్రీలు ఉన్నా రాత్రి 10 దాకా దిగుతుంది, కొన్ని రోజులు ఇంకా కిందికి. పగటి ఎండకు చక్కెర, రంగు చేరతాయి, రాత్రి చలికి పులుపు ఖర్చైపోకుండా నిలుస్తుంది. నందిలో రాత్రులు అంత చల్లగా ఉండవు కానీ పగళ్లు కూడా మరీ వేడిగా ఉండవు, తోటలు 900 మీటర్ల ఎత్తుకు అటూ ఇటూ ఉన్నాయి కాబట్టి. పండు నిదానంగా, ఒకే తీరుగా పక్వానికొస్తుంది. నువ్వు చెప్పిన ఆ సన్నదనం, వగరు దానివల్లే అని నా అభిప్రాయం. నాకైతే నాసిక్ రెడ్ కంటే నంది రెడ్ ఇష్టం, వైట్ మాత్రం నాసిక్‌దే.

వైట్ అంటే గుర్తొచ్చింది. రాజీవ్ సామంత్ అమెరికా నుంచి తిరిగొచ్చి నాసిక్‌లో సూలా అనే వైనరీ పెట్టి, 2000లో మొదటి సీసాలు వదిలినప్పుడు ఆయన ఎంచుకున్నవి సావిన్యోన్ బ్లాంక్, షెనిన్ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్ష రకాలు. షెనిన్ ఎందుకంటే వేడిలో కూడా పులుపు వదలని ద్రాక్ష అది. దక్షిణాఫ్రికాలో కూడా అదే ఎక్కువ వేస్తారు. ఎక్కడ ఏది నిలబడుతుందో కనిపెట్టడమే సగం వైన్ పని.

నగరి_కుమార్:
లావణ్య గారూ, చాలా బాగా రాశారు. ఒక సందేహం. నాసిక్‌లో షాంపేన్ లాంటిది కూడా చేస్తారంటారు కదా, వేడి దేశంలో అది ఎట్లా కుదురుతుంది?

లావణ్య_తిరుపతి:
కుమార్, షాంపేన్ అనే పేరు ఆ ఫ్రెంచి ప్రాంతానికే చెల్లుతుంది, మిగతాదంతా స్పార్క్లింగ్ వైన్. దానికి చక్కెర తక్కువ, పులుపు ఎక్కువ ఉన్న పండు కావాలి కాబట్టి ముందే కోసేస్తారు, అందుకే వేడి ప్రాంతంలోనూ నడుస్తుంది. 1980లలోనే పుణె దగ్గర నారాయణ్‌గావ్‌లో ఒమర్ ఖయ్యామ్ పేరుతో చేశారు. 2013లో ఫ్రెంచి కంపెనీ షాందోన్ నాసిక్ జిల్లా దిండోరిలో మొదలుపెట్టింది.

పల్ప్_మురళి:
నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో చేస్తా. వైన్ రుచి నాకు పెద్దగా తెలియదు కానీ బ్రిక్స్ మాత్రం రోజూ చూసే పని. ఇద్దరూ చెప్పినదానికి ఒక లెక్క జోడిస్తా.

రిఫ్రాక్టోమీటర్ అని అరచెయ్యి అంత పరికరం ఉంటుంది. అద్దం మీద ఒక చుక్క రసం వేసి, మూత పెట్టి, వెలుతురు వైపు పట్టుకుని కన్ను పెడితే లోపల నీలం, తెలుపు కలిసే చోట ఒక గీత కనిపిస్తుంది. ఆ గీత ఏ అంకె మీద ఉంటే అదే బ్రిక్స్, అంటే నూటికి ఎన్ని వంతులు చక్కెర అని అనుకోండి. తోతాపురి పల్ప్‌కి 14 దాటితే మేము సరే అంటాం. తినే ద్రాక్ష 16, 18 ఉంటే తియ్యగా ఉందంటారు. వైన్ ద్రాక్ష మాత్రం 22, 24 వచ్చేదాకా తీగ మీదే ఉంచుతారు. ఈస్ట్ ఆ చక్కెరను తిని ఆల్కహాల్ చేస్తుంది, ఉజ్జాయింపుగా బ్రిక్స్‌ను 0.55తో హెచ్చిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది. 23 బ్రిక్స్‌కి పన్నెండున్నర, 14 బ్రిక్స్‌కి ఏడున్నర పైచిలుకు.

అంటే పక్వానికి వచ్చే ఆ చివరి రెండు మూడు వారాల్లో వాన పడిందంటే పండులో నీళ్లు చేరి బ్రిక్స్ పడిపోతుంది, తోలు పగులుతుంది, కుళ్లు మొదలవుతుంది. వానకు భయపడి ముందే కోస్తే చక్కెర చాలదు, పచ్చి వాసన మిగులుతుంది. మాకు జూన్‌లో తోతాపురి లారీలు వచ్చినప్పుడు వాన పడిన వారం కాయ, పడని వారం కాయ రీడింగులోనే తెలిసిపోతాయి, ద్రాక్షకైతే ఇంకా ఎక్కువ తెలుస్తుంది.

పలమనేరు_హరి:
మురళన్నా, పచ్చి వాసన అన్నావు చూడు, నేను ఒక కాబర్నేలో క్యాప్సికం కోసినట్టు వాసన పట్టాను. అది అదేనా?

లావణ్య_తిరుపతి:
అదే హరీ. మెథాక్సీపైరజీన్ అనే పదార్థం, క్యాప్సికంలో ఉండేది, కాబర్నే కుటుంబం ద్రాక్షల్లో పుట్టుకతో ఉంటుంది. గుత్తికి ఎండ తగిలే కొద్దీ, పండు ముదిరే కొద్దీ తగ్గుతుంది. తీగ మీద కాపు మరీ ఎక్కువ ఉంచినా, ఆకులు దట్టంగా కమ్మేసినా తగ్గదు. షిరాజ్‌లో మిరియం ఘాటు వస్తుంది కదా, అది రోటండోన్ అని ఇంకో పదార్థం, మనం వాడే మిరియాల్లో ఉండేదే. దాన్ని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో బయటపెట్టారు. చల్లటి చోట ఎక్కువగా, వేడి చోట తక్కువగా ఉంటుంది. అందుకే ఫ్రాన్స్ రోన్ లోయ ఉత్తర భాగంలో అదే ద్రాక్ష మిరియం వాసన వేస్తే, ఆస్ట్రేలియా బరోసాలో జామ్ వాసన వేస్తుంది.

మదనపల్లె_రెడ్డెప్ప:
నాయనా హరీ, ముసలోడిని, ఫోన్‌లో రాసేది కష్టం, మా మనవడు టైపు చేస్తా ఉండాడు. మా వైపు పండుతుందా అని అడిగావు. పండింది నాయనా. మా నాయన కాలంలో మాకు అనాబ్ షాహీ ద్రాక్ష పందిరి ఉండేది, లావు కాయ, లేత పచ్చ రంగు. కాయ బాగానే కాసేది. పోయింది వానకు. అక్టోబరు, నవంబరులో వాయుగుండం అంటారే, రెండు రోజులు ముసురు పట్టి ఎండ కనపడకుంటే మూడో పొద్దుకు ఆకు పైన నూనె చుక్క పడినట్టు పసుపు మచ్చ వచ్చేది. ఆకు తిప్పి చూస్తే అడుగున తెల్లటి బూజు. పూత మీద పడిందంటే ఆ గుత్తి ఇంక లేదు, నల్లబడి రాలిపోతుంది. మైలుతుత్తం, సున్నం కలిపి బోర్డో మిశ్రమం కొట్టేవాళ్లం. కొట్టి ఇంటికి వచ్చేలోపు మళ్లీ వాన కడిగేసేది. విసుగొచ్చి తీసేసి టమాటా పెట్టినాం.

కాబట్టి ఆ పాప చెప్పిన క్యాలెండర్ మాట సత్యం. నాసిక్ వాళ్లకు వానలు సెప్టెంబరుతో అయిపోతాయి, తర్వాత ఆకాశం తుడిచినట్టు ఉంటుంది. మనకు ఈశాన్య వానలు సరిగ్గా కాపు కత్తిరింపు, పూత టయానికి వస్తాయి. 2021 నవంబరులో తిరుపతి ఎట్ల మునిగిందో మీరే చూసినారు కదా.

మోంపెల్యే_మనోడు:
రెడ్డెప్ప గారూ, మీ పోస్టు చదివి ఉండబట్టలేక రాస్తున్నా. మాది పాకాల దగ్గర, ప్రస్తుతం దక్షిణ ఫ్రాన్స్‌లో చదువుకుంటున్నా, నా సబ్జెక్టు వైన్ కాదు కానీ చుట్టూ అవే తోటలు.

మీరు కొట్టిన బోర్డో మిశ్రమం పుట్టిందే వైన్ తోటలో. 1870ల చివర్లో అమెరికా నుంచి ఈ బూజు తెగులు ఫ్రాన్స్‌కు వచ్చి తోటలు నాశనం చేస్తున్న రోజులవి. బోర్డో యూనివర్సిటీలో మిల్లార్డే అనే ప్రొఫెసర్ 1882లో సెంట్ జూలియన్ వైపు వెళ్తుంటే, తోటంతా ఆకు రాలిపోయి ఉంటే దారి పక్కన వరసలు మాత్రం పచ్చగా కనిపించాయి. కనుక్కుంటే, దారినపోయేవాళ్లు గుత్తులు తెంపుకుపోకుండా చూడగానే భయం పుట్టేలా అక్కడి రైతులు మైలుతుత్తం, సున్నం కలిపి చల్లారట. ఆ మందు తెగులును ఆపుతోందని ఆయన పరీక్షలు చేసి 1885లో ప్రకటించాడు. అదే ఇప్పుడు మన టమాటా, నిమ్మ, తమలపాకు తోటల దాకా వచ్చింది. కాబట్టి వైన్ గురించి మనకేం సంబంధం అనుకునేవాళ్లు తమ స్ప్రేయర్ ట్యాంకులోకి ఒకసారి తొంగి చూడండి.

మట్టి గురించి హరి గారు అడిగింది కూడా చెబుతా. మట్టి అబద్ధం కాదు, కానీ అది పని చేసే విధానం వేరు. మట్టి రుచి నేరుగా రసంలోకి రాదు. మట్టి నీటిని ఎంతసేపు పట్టి ఉంచుతుంది, ఎంత త్వరగా వేడెక్కుతుంది, అదీ లెక్క. బోర్డోలో జిరోండ్, గరోన్ నదుల ఎడమ గట్టున గులకరాళ్ల నేల, నీళ్లు నిలవవు, నేల త్వరగా వేడెక్కుతుంది, ఆలస్యంగా పండే కాబర్నే సావిన్యోన్ అక్కడ నిలుస్తుంది. దోర్దోన్ కుడి గట్టున సెంట్ ఎమిలియోన్, పొమెరోల్ వైపు బంకమట్టి, చల్లగా తేమగా ఉంటుంది, ముందే పండే మెర్లో అక్కడ రాజు. ఒకే ఊరి చుట్టుపక్కల అటు వగరు, ఇటు మెత్తదనం.

ఫ్రాన్స్‌లోనే బర్గండీ అనే ప్రాంతంలో అయితే ఈ పట్టింపు ఇంకో మెట్టు ఎక్కుతుంది. క్లో ద వూజో అని గోడ కట్టిన ఒకే తోట ఉంది, 50 హెక్టార్లు, దానికి 80 మంది దాకా యజమానులు. ఒకే పేరు మీద పైగట్టు వాళ్ల వైన్ ఒకలా, రోడ్డు పక్క పల్లంలో తేమ నిలిచే చోటి వైన్ ఒకలా. ధరలు కూడా అట్లాగే. మన చెరువు కింద మడికి, గట్టు మీద మెట్టకు ఎకరం ధర ఒకటే ఉండదు కదా, అక్కడ ఆ తేడాను వందల ఏళ్లుగా క్రైస్తవ సన్యాసులు, రైతులు గీతలు గీసి రాసిపెట్టారు.

పలమనేరు_హరి:
అన్నా, చాలా థాంక్స్, ఒక్క చర్చలో ఇంత తెలుస్తుందనుకోలేదు. అట్లయితే నాసిక్ నల్లరేగడి, నంది ఎర్రమట్టి తేడా కూడా నీళ్ల లెక్కేనా?

లావణ్య_తిరుపతి:
చాలావరకు అంతే. నాసిక్ కింద దక్కన్ లావా రాయి, బసాల్ట్. అది నలిగి నల్లరేగడి అయింది, తేమ పట్టేసుకుంటుంది. అందుకే మంచి వైన్ తోటలు నల్లరేగడి మందంగా ఉన్న చోట కాక, గంగాపూర్ డ్యామ్ వైపు ఏటవాలుగా, రాయి పైకి తేలిన ఎర్ర గరప నేలల్లో పెడతారు. నంది కింద గ్రానైటు, పైన ఎర్రమట్టి, మన పలమనేరు, మదనపల్లెలో ఉన్నట్టే. కాబట్టి మట్టి విషయంలో మన వైపుకి వంక పెట్టాల్సిన పని లేదు. తేడా ఎత్తులో ఉంది. తిరుపతి సముద్రమట్టానికి 150 మీటర్లకు కాస్త అటూ ఇటూ, మదనపల్లె 700 దగ్గర, నంది తోటలు 900 పైన. ప్రతి వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది అని భూగోళం పుస్తకంలో చదువుకున్నాం కదా, దాని ప్రకారం తిరుపతికి, నందికి ఐదు డిగ్రీల తేడా, మదనపల్లెకు, నందికి ఒకటిన్నర కూడా లేదు. అర్జెంటీనా మెండోసాలో కూడా ఎత్తే వాళ్లను కాపాడింది, మాల్బెక్ ద్రాక్ష అక్కడ వెయ్యి మీటర్లకు అటూ ఇటూ పండుతుంది, ఎడారిలాంటి చోట ఆండీస్ మంచు నీళ్లతో.

కాబట్టి ఎత్తు దాదాపు సరిపోయింది, మట్టి సరిపోయింది, చిక్కంతా రెడ్డెప్ప మామ చెప్పిన వాన. నందికి కూడా అక్టోబరు వాన పడుతుంది, బెంగళూరు వాళ్లను అడగండి. వాళ్లు కాపు కత్తిరింపు వెనక్కి జరిపి, కోత మార్చి, ఏప్రిల్ వైపు తీసుకెళ్తారు. మనకు వాన ఇంకా ఆలస్యంగా వదులుతుంది కాబట్టి ఇంకా వెనక్కి జరపాలి, అప్పుడు పండు పక్వానికొచ్చేది ఏప్రిల్ మండుటెండలో. అటు చూస్తే నుయ్యి, ఇటు చూస్తే గొయ్యి.

హైదరాబాద్_చిత్తూరోడు:
అందరూ ఒకటి మర్చిపోయారు, హంపి. కర్ణాటకలో కొప్పళ జిల్లా వైపు క్రస్మా ఎస్టేట్స్ అనే వైనరీ పెట్టింది మన తెలుగువాళ్లే, హైదరాబాద్ గ్రాన్యూల్స్ కంపెనీ వ్యవస్థాపకులు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు. ఏడు ఖండాల్లోనూ మారథాన్ పరిగెత్తిన జంట. వాళ్ల కాబర్నే సావిన్యోన్ నేను తాగిన మన దేశపు రెడ్ వైన్లలో అన్నిటికంటే గట్టిది, నల్లటి రంగు, నోట్లో బరువు, నాలుగైదేళ్లు దాచినా తట్టుకునేలా ఉంటుంది. అక్కడ గ్రానైటు గుట్టలు, వాన తక్కువ, గాలి ఎక్కువ. నన్నడిగితే రాయలసీమలో వైన్ ద్రాక్షకు అచ్చొచ్చేది మదనపల్లె కాదు, అనంతపురం, కళ్యాణదుర్గం వైపు. వాన తక్కువే అక్కడ వరం అవుతుంది. డ్రిప్ ఉంటే చాలు, తీగకు ఎన్ని నీళ్లు ఇవ్వాలో మన చేతిలో ఉంటుంది.

లావణ్య_తిరుపతి:
ఆ మాటలో న్యాయం ఉంది. షోలాపూర్ జిల్లా అక్లూజ్ దగ్గర ఫ్రతెల్లి వైనరీ వాళ్లు ఇటలీ ద్రాక్ష సాంజియోవేజేను అట్లాంటి పొడి నేలలోనే పండిస్తున్నారు. నాసిక్ అంత చల్లగా ఉండదు, అయినా ఆ ద్రాక్ష పులుపు నిలబెట్టుకుంది. రాత్రి చలి తక్కువైనా ఆకాశం పొడిగా ఉంటే పండును మన ఇష్టం వచ్చినన్ని రోజులు తీగ మీద ఉంచుకోవచ్చు.

నగరి_కుమార్:
వైన్ ద్రాక్ష పక్కన పెట్టండి, మన దగ్గర గుట్టలు గుట్టలుగా ఉన్నది తోతాపురి. 2025లో ఏమైందో చూశాం కదా, ఫ్యాక్టరీలు కిలో 8 రూపాయలు ఇవ్వాలి, 4 రూపాయలు ప్రభుత్వం కలుపుతుంది అని చెప్పినా, ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేట్ల ముందు రోజుల తరబడి నిలబడిపోయాయి. మా చిన్నాయన కాయ కోయకుండా చెట్టు మీదే వదిలేశాడు. మామిడితో వైన్ చేయలేమా?

పల్ప్_మురళి:
చేయొచ్చు తమ్ముడూ, చేసి చూసినవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు. ఎస్వీ యూనివర్సిటీ బయోకెమిస్ట్రీ విభాగం వాళ్లు రకరకాల మామిడితో వైన్ చేసి 2005లో అంతర్జాతీయ పత్రికలో పేపర్ వేశారు. బయటివాళ్లు ఆ పేపర్ని ఉదహరిస్తుంటారు, మన జిల్లాలో చాలామందికి తెలియదు, నాకు అది బాధ.

కష్టాలు మాత్రం ఉన్నాయి. ద్రాక్షను నలిపితే రసం కారుతుంది. మామిడి గుజ్జు, పెక్టిన్ వల్ల చిక్కగా ఉంటుంది, రసం విడదు. పెక్టినేజ్ ఎంజైము వేసి విడగొట్టాలి. పెక్టిన్ విరిగినప్పుడు కొంచెం మిథనాల్ (విషపు ఆల్కహాల్) పుడుతుంది, అది హద్దులో ఉందా లేదా పరీక్షించి తీరాలి, అందుకే ఇంట్లో ఎవరూ ప్రయోగాలు చేయొద్దు. పైన చెప్పిన లెక్క ప్రకారం తోతాపురి 14 బ్రిక్స్‌తో ఏడున్నర, ఎనిమిది శాతం దగ్గర ఆగుతుంది, నిలవ ఉండాలంటే చక్కెర కలపాలి. ద్రాక్ష తోలు, గింజ నుంచి వచ్చే వగరు మామిడికి ఉండదు, కాబట్టి దాన్ని రెడ్ వైన్‌తో పోల్చకూడదు. చల్లగా, లేతగా, ఏడాదిలోపు తాగేసే వైట్ లాంటిది అనుకోవాలి. తోతాపురికి ఉన్న మంచి గుణం పులుపు, బంగినపల్లికి సువాసన. రెండూ కలిపితే బాగుంటుందని నా నమ్మకం. పల్ప్ ఫ్యాక్టరీల్లో ట్యాంకులు, పాశ్చరైజర్లు, ల్యాబులు ఇప్పటికే ఉన్నాయి, సీజన్ అయిపోయాక ఖాళీగానే ఉంటాయి. కావాల్సింది లైసెన్సు, సుంకం విషయంలో ప్రభుత్వం ఒక నిర్ణయం. మహారాష్ట్ర 2001లో ద్రాక్ష విధానం తెచ్చి తమ వైన్లకు సుంకం తీసేసింది కాబట్టి నాసిక్ నిలబడింది. కర్ణాటక 2007లో తెచ్చింది. మనకు అట్లాంటిది పండ్ల వైన్‌కి ఉంటే మా గేటు ముందు ట్రాక్టర్ల వరస కాస్తన్నా తగ్గుతుంది.

కె.టి.రోడ్_వాసి:
మురళి గారూ, మద్యం విషయంలో నా అభిప్రాయం మారలేదు. కానీ ఆ పేపర్ మన యూనివర్సిటీదని నాకూ తెలియదు, సంతోషం. వైన్ కాకుండా అదే పద్ధతిలో వినెగర్ చేయవచ్చా? దానికి ఎవరి అభ్యంతరమూ ఉండదు కదా.

పల్ప్_మురళి:
చేయవచ్చండీ. ముందు వైన్ అవుతుంది, తర్వాత గాలి తగలనిచ్చి ఇంకో రకం బ్యాక్టీరియాతో పులియబెడితే ఆల్కహాల్ అంతా ఎసిటిక్ ఆమ్లంగా మారిపోతుంది. ఏడెనిమిది శాతం ఆల్కహాల్ దానికి సరిగ్గా సరిపోతుంది, చక్కెర కలపాల్సిన పనీ లేదు. తోతాపురికి ఇది వైన్ కంటే సులువైన దారి, మీరు మంచి మాట అడిగారు.

హైదరాబాద్_చిత్తూరోడు:
ఇంకో విషయం, మన ఊళ్లలో కొన్న వైన్ తాగి ఫలానా ప్రాంతం వైన్ బాగాలేదని తీర్పు ఇవ్వొద్దు. మే నెలలో 42 డిగ్రీల వేడిలో, ఏసీ లేని షాపులో, అద్దం పక్కన నిలబెట్టిన సీసాలో ఉన్నది ఉడికిపోయిన వైన్. ఒకసారి నేను కొన్న వైట్ గోధుమ రంగుకి తిరిగి, ఉడికిన ఆపిల్ వాసన వచ్చింది. లేబుల్ మీద సంవత్సరం చూడండి, వైట్ అయితే రెండేళ్లు దాటితే వదిలేయండి. రెడ్‌ని గది వేడిమిలో తాగాలి అనేది చలి దేశాల మాట, వాళ్ల గది 17, 18 డిగ్రీలు. మన గదిలో 33 ఉంటుంది, ఫ్రిజ్‌లో అరగంట పెట్టి తీస్తే గానీ నంది వైన్‌లో ఆ సన్నదనం, ఆ వగరు తెలియవు.

మోంపెల్యే_మనోడు:
పైన హరి గారు పోర్ట్ గురించి అన్నారు కాబట్టి ఒక్క మాట. అసలు పోర్ట్ పోర్చుగల్ డౌరో లోయది, 1756లోనే ఆ ప్రాంతానికి హద్దులు గీశారు. ద్రాక్ష సగం పులిసేసరికి బ్రాందీ లాంటి స్పిరిట్ పోసి ఆపేస్తారు, మిగిలిన చక్కెర పండుదే. మన షాపుల్లో ఆ పేరుతో దొరికేది చాలావరకు బెంగళూరు బ్లూ లాంటి ద్రాక్షతో, పైన చక్కెరతో చేసింది. బెంగళూరు బ్లూ మంచి ద్రాక్షే, వానకు, తెగులుకు తట్టుకుంటుంది, ఏడాదికి రెండు కాపులు ఇస్తుంది, రసానికి, జెల్లీకి బాగుంటుంది. దాంతో కాబర్నే రుచి రాకపోవడం దాని తప్పు కాదు.

మదనపల్లె_రెడ్డెప్ప:
అందరి మాటలూ మనవడు చదివి వినిపించినాడు. నాకు అర్థమైంది ఏందంటే, మా వైపు అక్టోబరులో కత్తిరిస్తే పూత వానకు పోతుంది, డిసెంబరులో కత్తిరిస్తే పండు ఎండకు పోతుంది. మధ్యలో నవంబరు ఆఖరు ఉంది. దానికి తోడు ఇప్పుడు పందిరి మీద ప్లాస్టిక్ కవరు కప్పుతా ఉండారు, నాసిక్ వైపు తినే ద్రాక్షకు వాడేది నేను వీడియోలో చూసినా. ఆకు తడవకుంటే బూజు రాదు, అంత సింపుల్. ఖర్చు అయితే గట్టిగానే అవుతుంది.

లావణ్యమ్మా, వేరు మొక్క సంగతి చెప్పు. మా కాలంలో కొమ్మ గుచ్చితే తీగ వచ్చేది. ఇప్పుడు అంటు కట్టిందే పెట్టాలంటారు, నిజమేనా?

లావణ్య_తిరుపతి:
నిజమే మామా. మన దేశంలో డాగ్‌రిడ్జ్, 110ఆర్ అనే అమెరికా జాతి వేరు మొక్కల మీద అంటు కడుతున్నారు, ఉప్పు నీళ్లకు, నీటి ఎద్దడికి తట్టుకుంటాయని. మీ బోరు నీళ్లు ముందు పరీక్ష చేయించండి. డాగ్‌రిడ్జ్ మీద తీగ బలంగా పెరుగుతుంది, అది వైన్‌కి ఒక్కోసారి ఎక్కువైపోతుంది, ఆకు కమ్మేసి హరి చెప్పిన ఆ క్యాప్సికం వాసన వస్తుంది. తినే ద్రాక్షకు ఉంచేటన్ని గుత్తులు వైన్‌కి ఉంచకూడదు, సగానికి సగం తీసేయాలి, అది మీ చేతికి రావడం కష్టం, కాసిన కాయను తెంపి పారేయాలంటే ఏ రైతుకైనా ప్రాణం ఒప్పదు. రకాల విషయంలో పుణె దగ్గర మంజరిలో ఉన్న జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం వాళ్లను అడగండి. కొనేవాళ్లు ఎవరో ముందే మాట్లాడుకోకుండా ఒక్క సెంటు కూడా వేయవద్దు. వైన్ ద్రాక్ష బజారులో అమ్ముడుపోదు, చిన్న కాయ, నిండా గింజలు, మందం తోలు.

మదనపల్లె_రెడ్డెప్ప:
సరే తల్లీ. టమాటా పక్కన పది కుంటలు ఖాళీగా ఉండాది, ఎగువ గట్టు మీద, గాలి బాగా తోలే చోటు. ముందు నీళ్లు పరీక్షకు పంపిస్తా. కలికిరి కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం) వాళ్లతో కూడా మాట్లాడతా. హరీ, ఆ తోటలో కోత నడిచేటప్పుడు పోదాం, మీరు పోయింది ఎప్పుడో నాకు తెల్ల, కాయ ఉన్నప్పుడు చూడాల నేను.

పలమనేరు_హరి:
తప్పకుండా పెద్దాయనా. మార్చిలో కోతలు ఉంటాయన్నారు, ముందు ఫోన్ చేసి తేదీ కనుక్కుంటా. మురళన్నా, నువ్వు కూడా రా, ఆ రిఫ్రాక్టోమీటర్ తీసుకురా, వాళ్లు ఒప్పుకుంటే తీగ మీద కాయ నుంచే ఒక చుక్క వేసి చూద్దాం.

పల్ప్_మురళి:
మార్చిలో మాకు సీజన్ లేదు, వస్తా.